నాయన సాక్ష్యం ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పల్లె. మా నాయన పేరు మీద రెండెకరాల చిల్లర మెట్ట పొలం ఉంది. పక్క పొలం వాళ్లు గట్టు దున్నుకుంటూ లోపలికి జరుగుతున్నారని నాలుగేళ్ల కిందట వాళ్లను ఆపమని ఇంజంక్షన్ దావా వేశాం. నేను బెంగళూరులో క్యాబ్ నడుపుతాను. ప్రతి వాయిదాకూ పని మానుకుని వస్తాను. వచ్చినప్పుడల్లా మా వకీలు గారు "మళ్లీ వాయిదా పడింది" అంటారే గానీ లోపల ఏం జరిగిందో చెప్పరు. అక్కడ మాట్లాడే ఇంగ్లిష్ మాకు అర్థం కాదు. అందుకే పోయిన వాయిదాకు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. కోర్టు కానిస్టేబుల్ చూసి ఫోన్ తీసేసుకున్నాడు. జడ్జి గారు నిలబెట్టి గట్టిగా మందలించారు. వకీలు గారు క్షమాపణ చెప్పాక, సాయంత్రం రికార్డింగ్ డిలీట్ చేయించి ఫోన్ ఇచ్చారు. కానీ అంతకుముందే ఒక చిన్న ముక్క మా బావకు వాట్సాప్‌లో పంపేశాను. కోర్టు అందరికీ తెరిచి ఉంటుందంటారు కదా, రికార్డు చేసుకుంటే తప్పేంటి? సుప్రీంకోర్టు విచారణలు యూట్యూబ్‌లోనే వస్తున్నాయి కదా? ఇప్పుడు నా మీద కేసు పెడతారా? వచ్చే వాయిదాకు నాయన క్రాస్ (అవతలి వకీలు ప్రశ్నించడం) ఉంది, ఆ తర్వాత నేనూ సాక్షినే. ఆయన చెప్పింది ఒకటి, కాగితం మీద పడేది ఒకటి అయితే మాకెలా తెలుస్తుంది? అవతలి వాళ్లు కోర్టు వరండాలోనే "సాక్ష్యానికి వస్తే చూసుకుంటాం" అంటున్నారు. కనీసం అదైనా రికార్డు చేయొచ్చా?
— ఒక పాఠకుడు, పత్తికొండ ప్రాంతం

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. జరిగినదాని మీద మీకు కేసు వచ్చే అవకాశం చాలా తక్కువ.

కోర్టు హాల్లో ఫోన్‌తో రికార్డు చేస్తే ఇంత శిక్ష అని నేరుగా చెప్పే సెక్షన్ ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఈ విషయం హైకోర్టు నిబంధనల మీద, కోర్టులో పెట్టే నోటీసుల మీద, హాల్లో క్రమశిక్షణ కాపాడే జడ్జి అధికారం మీద నడుస్తుంది. కింది కోర్టుల పద్ధతులకు నిబంధనలు రాసే అధికారం రాజ్యాంగం 227వ అధికరణం హైకోర్టుకు ఇచ్చింది. అలాగని వట్టి మందలింపుతోనే ఎప్పుడూ పోతుందని అనుకోవద్దు. విచారణలో కూర్చున్న జడ్జిని కావాలని అవమానించినా, విచారణకు అడ్డుపడినా న్యాయ సంహిత 267వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వద్దని చెప్పాక కూడా రికార్డు చేస్తూ పోతే, ఫోన్ ఇవ్వనని హాల్లో గొడవపడితే అది ఈ సెక్షన్ దాకా పోతుంది. అలాంటి మనిషిని అక్కడే ఆపి, అదే రోజు కోర్టు లేచేలోపు విచారించి వెయ్యి రూపాయల వరకు జరిమానా వేసే అధికారం సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత 384వ సెక్షన్ జడ్జికి ఇస్తోంది. మీ విషయంలో ఆ రోజు గడిచిపోయింది, ఫోనూ చేతికి వచ్చింది. కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే.

మిగిలింది 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం. దాని కింద గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, 2,000 రూపాయల జరిమానా ఉన్నాయి. అయితే కింది కోర్టు తనంతట తాను ఈ శిక్ష వేయలేదు. హైకోర్టుకు నివేదించాలి, అదీ ఏడాదిలోపు మొదలవ్వాలి. మనస్ఫూర్తిగా చెప్పిన క్షమాపణకు ఆ చట్టంలోనే చోటు ఉంది. జడ్జి గారు మందలించి, ఫోన్ తిరిగి ఇప్పించారంటే ఆయన దృష్టిలో అది అక్కడితో ముగిసిందనే అర్థం. అయినా ఒకసారి నిర్ధారించుకోండి. ఆ తేదీ డాకెట్ ఆర్డర్‌లో (ఆ రోజు జరిగింది కోర్టు రాసే ఆర్డర్‌లో) మీ గురించి ఏమైనా రాశారా అని వకీలు గారిని అడగండి.

నాకు ఆందోళనగా ఉన్నది మీ బావ ఫోన్‌లో ఉన్న ఆ ముక్క. డిలీట్ చేయించామని కోర్టు నమ్మి ఫోన్ ఇచ్చింది. రేపు అదే ముక్క ఊరి గ్రూపులో తిరిగి అవతలి వకీలు చేతికి చిక్కితే, మీ మీద పోయిన నమ్మకం నాయన కేసు మీద పడుతుంది. ఈ రోజే వకీలు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయనకు తెలియకుండా ఏదీ చేయొద్దు. బావ ఇంకెవరికైనా పంపాడేమో కనుక్కోండి, ఇక ముందుకు పంపొద్దని గట్టిగా చెప్పండి. వకీలు గారు కోర్టుకు చెప్పి వేరే ఏదైనా చేయాలనకపోతే, అందరి ఫోన్లలోంచీ తీసేయించండి.

ఇక కోర్టు తెరిచి ఉంటుంది కదా అన్న మీ మాట. అది ముమ్మాటికీ నిజం, మీరు దాన్ని వదులుకోకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షన్ ప్రకారం దావా విచారణ జరిగే చోటు బహిరంగ కోర్టే. హాల్లో పట్టినంతవరకు జనం ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఫలానా వాళ్లు బయట ఉండాలని జడ్జి ఆదేశించవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి వచ్చి కూర్చోవడం, వినడం, చూడడం మీ హక్కు. విన్నది నోటుబుక్‌లో రాసుకోవచ్చు. జడ్జి ప్రత్యేకంగా వద్దన్న సందర్భంలో తప్ప పెన్నూ కాగితానికి ఎవరూ అడ్డు చెప్పరు. జరిగింది జరిగినట్టు న్యాయంగా, సరిగ్గా పత్రికలో రాస్తే ధిక్కారం కాదని 1971 చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. మరి వినొచ్చు, రాసుకోవచ్చు, రికార్డు మాత్రం చేయకూడదా అని మీకు అనిపించడం సహజం.

దీనికి మీ ఉత్తరంలోనే ఒక కారణం ఉంది. "ఆ తర్వాత నేనూ సాక్షినే" అని రాశారు. అంటే మీరు రెండో సాక్షి. నాయన బోనులో ఉన్నప్పుడు మీరు హాల్లో ఉండడమే మంచిది కాదు. ఒక సాక్షి చెప్పింది విని, తర్వాతి సాక్షి దానికి తగ్గట్టు తన మాట సర్దుకోకూడదనే సాక్షులను బయట ఉంచుతారు. మీ వంతు వచ్చినప్పుడు అవతలి వకీలు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి ఇదే కావచ్చు: "మీ నాయన సాక్ష్యం చెబుతున్నప్పుడు మీరు ఎక్కడున్నారు?" హాల్లోనే ఉన్నానంటే మీ సాక్ష్యం బరువు తగ్గుతుంది. ఇక నాయన క్రాస్ మొత్తం ఫోన్‌లో ఉండి, రాత్రి ఇంట్లో మీరూ మూడో సాక్షిగా రావాల్సిన పొరుగు రైతూ కలిసి విన్నారనుకోండి. ఆ సంగతి బయటపడితే ముగ్గురి సాక్ష్యమూ "నూరిపోసిన సాక్ష్యం" అయిపోతుంది. మీకు మంచి చేస్తుందనుకున్న రికార్డింగే మీ దావాకు పెద్ద దెబ్బ కొడుతుంది.

ఇంకో కారణం మన సీమలో ఉన్నవాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. సాక్షి బోనులో నిలబడి ఊళ్లో పెద్ద మనిషికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ వీడియో సాయంత్రానికి ఊరి గ్రూపులో తిరుగుతుందని తెలిస్తే రేపు మీ వైపు ఎవరొస్తారు? మీకు అనుమతి ఉంటే అవతలి వాళ్లకూ ఉంటుంది. మీ నాయన తడబడిన అర నిమిషాన్ని కత్తిరించి వాళ్లు పదిమందికీ పంపగలరు.

జడ్జి గారి మాటల విషయంలోనూ ఇదే. వాదన సాగుతుండగా ఆయన వకీలును ప్రశ్నలతో గుచ్చుతారు, "మీ దగ్గర ఆధారమే లేదు కదా" అంటారు, అవతలి వాళ్లనూ అలాగే అంటారు. అది ఆలోచన సాగే తీరు మాత్రమే. తీర్పు అంటే సంతకం పడిన కాగితం. మధ్యలో ఒక వాక్యం పట్టుకుని "జడ్జి ఇలా అన్నాడు" అని బెంగళూరులో ఇంకో వకీలుకు వినిపిస్తే ఆయన కూడా మీకు తప్పు సలహానే ఇస్తాడు.

సుప్రీంకోర్టు సంగతి అడిగారు. 2018 సెప్టెంబరు 26న స్వప్నిల్ త్రిపాఠి కేసులో ప్రత్యక్ష ప్రసారానికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలు జనం చూడగలుగుతున్నారు. గుజరాత్ హైకోర్టు 2020లోనే యూట్యూబ్‌లో మొదలుపెట్టింది. కానీ ఆ కెమెరా కోర్టుదే. ఏది చూపాలి, ఏది ఆపాలి అన్నది కోర్టు చేతిలోనే ఉంటుంది. ఆ ప్రసారాన్ని అనుమతి లేకుండా కత్తిరించి వేరేచోట పెట్టడానికి వీల్లేదు. పైగా వాటిలో ఎక్కువగా ఉండేవి వకీళ్ల వాదనలు. పల్లె నుంచి వచ్చిన సాక్షి బోనెక్కి చెప్పే సాక్ష్యం కాదు. భార్యాభర్తల తగాదాలు, లైంగిక నేరాలు, పిల్లల కేసులను ప్రసారానికి దూరంగా ఉంచాలని సుప్రీంకోర్టు ఈ-కమిటీ నమూనా నిబంధనల్లోనే రాశారు. అత్యాచారం లాంటి కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది. అక్కడి సంగతులు కోర్టు అనుమతి లేకుండా ప్రచురిస్తే న్యాయ సంహిత 73వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. ఫ్యామిలీ కోర్టులో ఇద్దరిలో ఒకరు అడిగినా రహస్య విచారణ జరపాలి. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లు ఇది గుర్తుంచుకోండి. అక్కడ ఫోన్ తీస్తే ఈ ఉత్తరంలో ఉన్నట్టు మందలింపుతో పోదు.

వీడియో కాన్ఫరెన్స్‌లో జరిగే విచారణకూ ఇదే నియమం. ఫోన్‌లో లింకు ద్వారా చూస్తున్నప్పుడు స్క్రీన్ రికార్డింగ్, స్క్రీన్‌షాట్ రెండూ కుదరవు. హాల్లో సీసీ కెమెరా ఉంటే దాని ఫుటేజీ అడగవచ్చా అని కొందరు రాస్తుంటారు. ప్రద్యుమన్ బిష్ట్ కేసులో 2017లో జిల్లా కోర్టుల్లో కెమెరాల గురించి సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడే, అందులో మాటలు రికార్డు కాకూడదనీ, సమాచార హక్కు కింద ఫుటేజీ ఇవ్వనక్కర్లేదనీ, హైకోర్టు అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదనీ చెప్పింది.

ఇంత చెప్పాక కూడా మీ అసలు బాధ తీరలేదని నాకు తెలుసు. నాలుగేళ్లుగా పని మానుకుని బస్సెక్కి వచ్చిన మనిషికి తన దావాలో ఏం జరుగుతోందో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అది మీ తప్పు కాదు. ఫోన్ తీయకూడదని గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాల్సిన బాధ్యత కోర్టుది. కక్షిదారుకు అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత వకీలుది. సాక్ష్యాన్ని కోర్టే ఆడియోగా రికార్డు చేసి కక్షిదారులకు ఇచ్చే రోజు మన తాలూకా కోర్టుల దాకా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. చట్టంలో దానికి అడ్డు లేదు. జడ్జి కారణం రాసి, తన సమక్షంలో సాక్ష్యాన్ని యంత్రం మీద రికార్డు చేయించవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డర్ 5వ రూల్ చెబుతోంది. సాక్ష్యం నమోదుకు అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తే ఆయనా అలా చేయవచ్చని 4వ రూల్ అంటోంది. కావాలంటే మీ వకీలు గారితో పిటిషన్ వేయించవచ్చు. కాకపోతే మామూలు గట్టు తగాదాలో అలాంటి ఆర్డర్ రావడం అరుదు. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఈ లోపు మీ చేతిలో ఉన్నది నాయన క్రాస్. ఇక్కడ మీరు బాగా మనసు పెట్టాలి.

చాలా కోర్టుల్లో ఇలా జరుగుతుంది. వకీలు తెలుగులో అడుగుతాడు, సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి గారు దాన్ని ఒక వాక్యంగా కూర్చి టైపిస్టుకు చెబుతారు. చాలాసార్లు ఇంగ్లిష్‌లో. మీ నాయనను ఇలా అడిగారనుకోండి: "ఫలానా ఏడాది ఆ పొలంలో మీరు పంట పెట్టలేదు, అవునా కాదా?" ఆయన "వానల్లేక బీడు పెట్టినాం సార్, ఆ ఏడు మా దిక్కు ఎవురూ ఇత్తనం ఏయలేదు" అంటాడు. కాగితం మీద మాత్రం "ఆ ఏడాది దావా భూమిలో పంట పెట్టలేదనుట వాస్తవమే" అని పడవచ్చు. మాట అబద్ధం కాదు. కానీ బీడు ఎందుకు పెట్టాడో అందులో లేదు. ఇంజంక్షన్ దావాలో దావా వేసేనాటికి పొలం ఎవరి స్వాధీనంలో ఉందన్నదే ప్రాణం. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, "వాది స్వాధీనంలో లేడు, ఆయనే ఒప్పుకున్నాడు" అని అవతలి వాళ్లు ఆఖరి వాదనలో నిలబడతారు.

దీన్ని ఫోన్ ఆపలేదు. ఆపగలిగింది నాయన నోరే, అదీ అక్కడే, అప్పుడే. సాక్షి చెప్పిన భాష ఒకటి, రాసిన భాష ఒకటి అయి, రాసిన భాష ఆయనకు తెలియకపోతే, రాసినదాన్ని ఆయన చెప్పిన భాషలోనే వివరించి వినిపించాలి. అదే 18వ ఆర్డర్ 6వ రూల్. క్రిమినల్ కేసుల్లో అయితే సాక్ష్యం పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలని నాగరిక్ సురక్ష సంహిత 313వ సెక్షన్ చెబుతోంది. సరిగా లేదని సాక్షి అంటే జడ్జి దిద్దవచ్చు, లేదా ఆ అభ్యంతరాన్ని రాసి పెట్టాలి. వాంగ్మూలం చివర సంతకం పెట్టించుకునే చోట "చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నారు" అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఎండలో వచ్చి, గంటల తరబడి నిలబడి, ఇంటికి పోతే చాలనుకునే ముసలాయన ఆ కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాడు. అలా పెట్టనివ్వకండి. "అయ్యా, రాసింది తెలుగులో ఒకసారి చెప్పండి, విని సంతకం పెడతాను" అని చేతులు జోడించి అడిగితే కోపగించుకునే జడ్జిని నేను చూడలేదు. తేడా ఉంటే "అయ్యా, నేను అన్నది ఇది, వానల్లేక బీడు పెట్టినామన్నది కూడా రాయండి" అని అక్కడే చెప్పాలి. మీ వకీలు గారు పక్కనే ఉంటారు, ఆయనా లేచి చెప్పాలి. క్రాస్‌లో సగం మాటే పడిన చోట, రీ-ఎగ్జామినేషన్‌లో (క్రాస్ తర్వాత మీ వకీలే మళ్లీ అడిగే ప్రశ్నల్లో) వివరణ ఇప్పించుకోవచ్చు. వాయిదాకు ముందు రోజే వకీలు గారికి ఈ ముక్క గుర్తు చేయండి. మూడు నెలలు పోయాక "ఆ రోజు అలా అనలేదు" అంటే వినే వాళ్లుండరు.

ముందు రోజు సాయంత్రం నాయనను కూర్చోబెట్టి అడంగల్, పాస్‌బుక్, దావా కాగితాలు చూపించండి. జవాబులు నేర్పొద్దు. ఏ ఏడు ఏ పంట పెట్టాడో, శనక్కాయా, కందా, బీడా, ఆయనకు గుర్తున్నది గుర్తున్నట్టు నెమరు వేసుకోనివ్వండి, అంతే. ప్రశ్న అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అనమనండి. గుర్తు లేకపోతే "గుర్తు లేదు" అనమనండి. కంటి అద్దాలు మరిచిపోకండి.

క్రాస్ అయిన మరుసటి రోజు నుంచే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. నాయన వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టించండి. దావాలో పార్టీ కాబట్టి ఆయనకు ఆ హక్కు ఉంది. కాపీయింగ్ సెక్షన్‌లో అప్లికేషన్ వేశాక, ఎన్ని స్టాంపులు కావాలో లిస్టులో పెడతారు. అవి గడువులోపు కట్టాలి. కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. చాలామంది కాపీలు ఆగేది ఇక్కడే. చేతికి వచ్చిన కాపీ మీద అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ వేసి ఉంటాయి. తీర్పు కాపీ అయితే అది తయారవడానికి పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి తీసేస్తారు. ఆ తేదీలున్న పేజీ చింపుకోకుండా దాచుకోండి. బెంగళూరులో మీకు తెలిసిన వకీలుకు చూపించాల్సింది ఈ కాపీనే. ఫోన్‌లోని గరగర శబ్దం కంటే ఆయనకు ఇది ఎంతో ఉపయోగం.

వాయిదాల సంగతికి మీ వకీలు మీద ఆధారపడాల్సిన పనే లేదు. దావాకు పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అది కొడితే కేసు ఏ దశలో ఉంది, పోయిన వాయిదాకు ఏం నమోదైంది, వచ్చే తేదీ ఎప్పుడు అన్నవి కనిపిస్తాయి. అప్‌లోడ్ చేసిన ఆర్డర్లు కూడా చదువుకోవచ్చు. కొన్నిసార్లు ఒకట్రెండు రోజులు ఆలస్యంగా ఎక్కిస్తారు, దానికి టెన్షన్ పడొద్దు. బావకు పంపాల్సింది ఆ నంబరే.

వకీలు గారితో కూడా ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. కేసులను వరుసగా పిలిచే కాల్ వర్క్ జరిగే పొద్దున పూట వరండాలో అడిగితే ఎవరూ చెప్పలేరు, ఆయన చేతిలో ఇంకో పది కట్టలు ఉంటాయి. సాయంత్రం ఆఫీసుకు వెళ్లి, "అరగంట ఇవ్వండి సార్, మా కేసు ఎక్కడుందో చెప్పండి" అని అడగండి. అప్పటికీ చెప్పకపోతే వకీలును మార్చుకునే హక్కు మీకుంది. డబ్బుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండానే ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. మీ వకీలు గారికి తెలియకుండా ఆయన మాటలు రికార్డు చేయడం మాత్రం వద్దు. ఆ నమ్మకం పోతే క్రాస్ రోజు మీ పక్కన నిలబడే మనిషే ఉండడు.

బెదిరింపుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. సాక్ష్యానికి రావద్దని భయపెట్టడం న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల వరకు జైలు ఉంటుంది. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరిస్తే 232వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు పడవచ్చు. అయినా కోర్టు ఆవరణలో ఫోన్ బయటికి తీయకండి. ఒకసారి మందలింపు పడిన మనిషి మళ్లీ ఫోన్ పట్టుకుని కనిపిస్తే, బెదిరించినవాడు తప్పించుకుని మీరు దొరుకుతారు. వాళ్లు ఆ మాట అన్న నిమిషంలో మీ వకీలు గారిని పిలవండి. ఎవరు, ఏ మాట, ఏ టైముకు, పక్కన ఎవరున్నారు అన్నది కాగితం మీద రాసుకోండి. కేసు పిలిచినప్పుడు ఆయన జడ్జి గారి దృష్టికి తేవాలి, లేదా మెమో వేయాలి. డ్యూటీలో ఉన్న పోలీసుకూ చెప్పండి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

వాళ్లు ఫోన్ చేసి బెదిరిస్తే లెక్క వేరు. మీకు వచ్చిన కాల్‌ను మీరు రికార్డు చేసుకోవడం కోర్టు హాల్లో రికార్డు చేయడం లాంటిది కాదు. టెలిఫోన్ సంభాషణ రికార్డింగ్‌ను సాక్ష్యంగా తీసుకోవచ్చని ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే ఒప్పుకుంది. భార్యాభర్తల కేసుల్లో రహస్యంగా చేసిన కాల్ రికార్డింగులు కూడా చెల్లుతాయని 2025 జులైలో చెప్పింది. కాకపోతే ఆ ఫైలును కత్తిరించకూడదు, పేరు మార్చకూడదు, రికార్డు చేసిన ఫోన్‌ను అమ్మకూడదు. కోర్టులో పెట్టేటప్పుడు పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీది, ఇంకోటి నిపుణుడిది, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. అది వకీలు గారు చూసుకుంటారు. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న కాపీ మీద ఆధారపడకండి.

వాళ్లలో ఎవరైనా రాజీ మాట ఎత్తితే వరండాలో ఒప్పుకోవద్దు, కొట్టిపారేయొద్దు కూడా. గట్టు తగాదాలకు లోక్ అదాలత్ మంచి చోటు. సర్వేయర్‌తో కొలిపించి హద్దు రాళ్లు వేయించి అక్కడ రాసుకుంటే, ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజూ తిరిగి వస్తుంది.

ఇక ఆ రోజు పొద్దున్న ఏం చేయాలంటే, మీ ఫోన్, నాయన ఫోన్ హాలు బయట నమ్మకమైన మనిషి చేతిలో పెట్టండి. కుదరకపోతే స్విచాఫ్ చేయండి. సైలెంట్‌లో పెడితే చాలదు, చాలా ఫోన్లలో అలారం సైలెంట్‌లో కూడా మోగుతుంది. స్మార్ట్ వాచీ, చెవిలో ఇయర్‌బడ్ కూడా తీసేయండి. నాయన పేరు పిలిచాక మీరు వరండాలోనే ఉండండి, లోపల ఎవరైనా మీ వైపు మనిషి ఉండి వినాలనుకుంటే సాక్షి కాని వాళ్లను, మీ అమ్మనో చిన్నాయననో కూర్చోబెట్టండి. వాళ్ల చేతికి ఒక నోటుబుక్, పెన్ను ఇవ్వండి. వాళ్లు రాసుకున్నది మీరు మాత్రం మీ సాక్ష్యం అయ్యేదాకా అడగొద్దు.